గోవా నుంచి కొంచెం లోపలికి

ఆ యేండ్లల్ల మా దిక్కు పాట లేని పూట లేకుండె. పొద్దున తహశీల్ ఆఫీసు ముందర దీక్షా శిబిరంల పాట, పగటీలి రాస్తారోకోల పాట, మాపటికి ఏదో ఒక ఊర్లె ధూంధాం. గొంగడి భుజాన ఏసుకొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని ఒకాయన స్టేజీ ఎక్కిండంటే ముసలోళ్లు గూడ చేతికట్టె పక్కన పెట్టి లేచి నిలబడేటోళ్లు. మా లెక్కల సారు (బడిల ఆయన నవ్వంగ మేము ఎన్నడు చూడలే) జగిత్యాల చౌరస్తాల డప్పు కొట్టుకుంట పోవుడు నేను నా కండ్లతోని చూసిన. ఒక పాటల ఉన్న మాటలకు జనం ఏడ్చేది, ఇంకో పాటల ఉన్న మాటలకు లేచి పోయి రోడ్డుకు అడ్డంగ కూసునేది. మాటకు అంత బలమున్న కాలమది. సరిగ్గ గా కాలంలనే, తెలంగాణ రావాలని అందరి లెక్కనే కోరుకునుకుంట, నేను మాటలే లేని పాటల ఎంట పడ్డ. అదెట్లనో చెప్పాల్నంటే ముందుగాల నా కొలువు గురించి చెప్పాలె.

డిగ్రీ అయిపోయి, ఏ నోటిఫికేషన్ రాక, సిరిసిల్లల నన్ను కన్న అవ్వ, బాపు కండ్ల ముందట ఖాళీగ కూసునుడు ఇష్టం లేక, జగిత్యాల బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ల పనికి కుదిరిన. హాల్ టికెట్లు, రిజల్టులు, గల్ఫ్ పోయేటోళ్ల వీసా కాగితాలు ప్రింటు తీసిచ్చుడు నా పని. ఓనర్ను అందరం సేటన్న అంటుంటిమి. మనసు మంచిది గని నెట్ ఆగిపోతే మానిటర్ మీద అరచేతితోని కొట్టి చూసే రకం. ఒకనాడు దుబాయి నుంచి వచ్చిన ఇబ్రహీంపట్నమాయన ఫోటోలు ప్రింటు తీయించుకోను పెన్ డ్రైవ్ తెచ్చిండు. ఫోటోల ఎంబడి ఏదో పాటల ఫోల్డర్ గూడ మా కంప్యూటర్లకు దిగింది. ఆయన పోయినంక ఊకెనే నొక్కి చూసిన. గుండె కొట్టుకున్నట్టు ఒక్కటే దెబ్బ, దాని మీద మెలికలు తిరుగుకుంట పోయే ఏదో చప్పుడు. పాట ఎప్పుడు మొదలైతదా అని చూస్తున్న. అది ఎప్పుడో మొదలై సగం అయిపోయిందని నాకు తర్వాత అర్థమైంది. దాన్ని సైకెడెలిక్ ట్రాన్స్ అంటరట. అందులకెళ్లి దెబ్బ తీసేసి, ఉత్త హోరు మిగిలిస్తే అది యాంబియెంట్ అట. ఈ సంగతంత నెట్‌ల చదివి, సంబురంతోని సేటన్నకు చెప్పిన. "సైకిల్ ట్రాన్స్‌పోర్టా? గదేం బిజినెస్‌రా, సైకిళ్లను ఎవడు తెప్పిచ్చుకుంటడు?" అన్నడు. ఆ దుకాణంల ఉన్నన్ని రోజులు నేను ట్రాన్స్‌పోర్టు పిలగాన్నే.

అసోంటి పాటలు నాకెందుకు నచ్చినయని చానమంది అడిగిన్రు. నా దగ్గర ఉన్న జవాబు మా ఊరే. సిరిసిల్లల పుట్టినోడు సాంచల మోతల పుడుతడు. సాంచ అంటే మరమగ్గం. వీధి వీధంత అవే. ఆ మోతల పిల్లలు హాయిగ నిద్రపోతరు. కరెంటు పోయి సాంచలన్ని ఒక్కసారి ఆగినయనుకో, వాడకట్టు పిల్లలందరు ఒక్కసారే లేచి ఏడుపు అందుకుంటరు. చప్పుడు కాదు, చప్పుడు లేకపోవుడే మమ్ముల లేపుతది. ఒక ఆదివారం ఇంటికి పోయినప్పుడు నేను చెవులల్ల పెట్టుకొని వింటుంటే బాపు ఒకటి గుంజి తన చెవుల పెట్టుకున్నడు. పని దిగి వచ్చిండు, భుజాల మీద దూది పోగులు ఇంక దులుపుకోలే. శానసేపు విన్నడు. "సాంచ బంద్ చేసినంక చెవులల్ల మిగిలే హోరు గిట్లనే ఉంటది. దీనికి ఇంటర్నెట్ ఎందుకు?" అన్నడు. అవ్వ మాత్రం "వానికి చెవి డాక్టర్‌కు చూపియ్యి" అన్నది.

ఆ పాటలు దుకాణంల దొరికేటియి కావు. ఏదో దేశంల ఎవరో ఒకరు ఇంట్ల కూసొని చేసి, కొన్నంటే కొన్ని సీడీలు కొట్టించి, పంచి, మాయమైతరు. అసోంటి అరుదైన సీడీలను కూడబెట్టేటోళ్లు, వాటి మీద కొట్లాడుకునేటోళ్లు కలిసే వెబ్‌సైట్ ఒకటి నాకు దొరికింది. లోకం మొత్తంల పిడికెడు మంది. అందరియి మారుపేర్లే. నేను బ్లూ షటిల్ అని పెట్టుకున్న. షటిల్ అంటే సాంచల అటిటు ఉరికే నాడె అని నా లెక్క. వాళ్లందరు అంతరిక్షంలకు పోయే ఓడ అనుకొని మెచ్చుకున్నరు. దేశమేందని అడిగిన కాడ ఇండియా అని రాసిన. నేను రాసింది గంతే. ఆ సంగీతం పుట్టింది గోవా సముద్రపొడ్డున, కాబట్టి వాళ్లకు ఇండియా అంటే గోవా. తెల్లారెసరికి నన్ను గోవాయన్ని చేసి పెట్టిన్రు. ఫిన్లాండ్ నుంచి ఒక పెద్దాయన "మీ ఇల్లు బీచికి దగ్గరేనా" అని అడిగిండు. "కొంచెం లోపలికి" అని రాసిన. (గోవా నుంచి లోపలికి నడుసుకుంట పోతే ఎన్నడో ఒకనాడు సిరిసిల్ల రాదా?) ఇంకొకాయన వానకాలం సముద్రమెట్లుంటదో చెప్పమని పానం తీసిండు. సముద్రం నేను టీవీల తప్ప చూడలే. పెద్ద వాన పడ్డప్పుడు మానేరు వాగు ఎట్లుంటదో, ఎర్రటి నీళ్లెట్ల ఒడ్డుకు కొట్టుకుంటయో, కొట్టుకొచ్చిన తుమ్మ కొమ్మలతో సహా రాసిన. ఆయన శాన సంతోషపడి, "ఆ చోటు నాకు తెలుసు, అక్కడ నేనొక ఎండాకాలమంత ఉన్న" అని జవాబిచ్చిండు. ఆయన సంతోషం చెడగొట్టుడు నాకు ధర్మమనిపియ్యలే.

ఇక్కడిదాక బాగనే ఉన్నది. చిక్కేందంటే ఆ సైటుల ఇంకో గోవామనిషి ఉన్నడు. మారుపేరు థర్డ్ రూమ్. అసలైన గోవాయన, నేను నోరు తెరిస్తే పట్టేస్తడని నాకు లోపల భయం. సముద్రం మాట వస్తే ఇద్దరం తప్పుకునేది. ఆ మనిషి గూడ ఎందుకు తప్పుకునేదో నాకు అప్పుడు తోచలే. పాటల మీద మాత్రం పోట్లాడుకునేటోళ్లం. దెబ్బ లేని పాట మనిషి లేని ఇల్లసోంటిదని నేను, దెబ్బ ఉంటే వినేటోడు కాళ్లతోని వింటడు, చెవులతోని కాదని థర్డ్ రూమ్. వచ్చీ రాని ఇంగ్లీషుల నేను ప్రతి వాక్యానికి బ్రో, బ్రో అని తగిలించేది. అటు నుంచి మాత్రం వాక్యాలు తప్పు లేకుండ, ఇస్త్రీ చేసినట్టు వచ్చేటియి. బొగ్గు బాయిలు సమ్మెకు దిగి కరెంటు కోతలు మొదలైనప్పుడు ఫిన్లాండ్ పెద్దాయన ఒక జోక్ రాసిండు: "మన గోవావాళ్లిద్దరు ఒక్కసారే మాయమైతరు, ఒక్కసారే వస్తరు. కలిసి ఈతకు పోతున్నరా?" నేను నవ్వు బొమ్మ పెట్టిన. థర్డ్ రూమ్ నుంచి గూడ నవ్వు బొమ్మ వచ్చింది.

గిట్లుండంగ, మేమిద్దరం యేడాది సంది ఎదురు చూస్తున్న యాంబియెంట్ సీడీ ఒకటి, నెట్‌ల ఎక్కడ దొరకనిది, ఫిన్లాండ్ పెద్దాయన దగ్గర రెండు కాపీలున్నయని బయటపడింది. ఒకటి గోవా దోస్తులకు ఊకెనే పంపుత, ఇద్దరు కలిసి వినుండ్రి, ఎవరన్న ఒకరు ఇంటి అడ్రసు పంపుండ్రి అని రాసిండు. నాకు ఆ రోజు అన్నం పోలే. అడ్రసు ఇస్తే గోవాతనం పోతది, ఇయ్యకపోతే సీడీ పోతది. జగిత్యాలలున్న రూము అడ్రసు రాసుడు, కొట్టేసుడు. రాసుడు, కొట్టేసుడు. సేటన్న చూసి "ప్రేమలేఖనారా?" అన్నడు. అట్ల నేను తేల్చుకోక ముందే పెద్దాయన నుంచి నాకు ఒక్కనికే మెసేజ్ వచ్చింది. "సీడీ పోస్టు చేసిన. నీ దోస్తు నిజం చెప్పేసిండు, తనది గోవా కాదట, కోరుట్ల అనే ఊరట. నాకు మ్యాపుల అది గోవాకు శాన దూరం కనపడుతున్నది. నీకు పోయి తెచ్చుకునుడు కష్టమైతదేమో చూసుకో."

కోరుట్ల. జగిత్యాల నుంచి మెట్‌పల్లి బస్సెక్కితే కండక్టర్ చిల్లర లెక్క పెట్టుకునే లోపల వచ్చే కోరుట్ల. నేను కుర్చీలకెళ్లి లేచి, బయటికి పోయి, బస్టాండుల "కోరుట్ల, కోరుట్ల" అని ఒర్రుతున్న ఆటోవాలాను కాసేపు చూసి, మళ్ల వచ్చి కూసున్న. థర్డ్ రూమ్‌కు రాసిన, మొదటిసారి తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలల్ల: బ్రో, నేను జగిత్యాలల ఉన్న. అటు నుంచి రెండు వారాలు ఏం రాలే. తర్వాత వచ్చింది: "పార్సిల్ వచ్చింది. గని ఇంట్ల జర కిరికిరి అయింది. శుక్రారం రా. ఇంగ్లీషు ట్యూషన్ ఇల్లెక్కడంటే ఎవరన్న చూపిస్తరు."

శుక్రారం నాడు బంద్. బస్సులు లేవు. ఆగుతనా? దొరికిన ఆటో ఎక్కిన. సగం తొవ్వల రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. రోడ్డు నడుమ మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద గిన్నెలల్ల అన్నం, పప్పు, ఒక దిక్కు డప్పులు. ఆటో అక్కడనే మర్లిపోయింది. నన్ను విస్తరాకు ముందట కూసోబెట్టిన్రు. మెడల కండువా ఉన్న ఒక పెద్దమనిషి వడ్డించుకుంట అడిగిండు.

"బంద్ నాడు ఎక్కడికి పోతున్నవు తమ్మీ?"

"కోరుట్లకన్నా. ఒక పాటల సీడీ తెచ్చుకోను."

ఆయన మొఖం వెలిగింది. "మన పాటలేనా?"

"పాటలే అన్నా, గని వాటికి మాటలుండయి."

ఆయన గరిటె గిన్నెల పెట్టి నిలబడ్డడు. "మాటలు లేవా? మాటలు తీసేసిన్రా?" అని నన్ను, "ఇన్నరా, పాటలల్ల మాటలు గూడ తీసేస్తున్నరట" అని జనాన్ని చూసి అన్నడు. నేను నోట్లె ముద్ద మింగి అసలు సంగతి చెప్పెటాల్లకు డప్పుల చప్పుడు ఎక్కువైంది. ఒక బండి ఉన్నాయనను పిలిచి, ఈ తమ్మిని కోరుట్లల దించి రా, ఆ సీడీ మన చేతికి రావాలె అని చెప్పి పంపిండు. ఆ బండాయన తొవ్వ పొడుగుత ఒక్కటే మాట: "ఏం భయపడకు, మాటలు మేం మళ్ల పెట్టిస్తం."

కోరుట్లల నన్ను దించి బండాయన మర్లిపోయిండు. అడుగుకుంట పోతే ట్యూషన్ ఇల్లు దొరికింది. గుమ్మం మీద పచ్చ పర్దా, కింద పిల్లల చెప్పులు. ముప్పయి దాటిన ఒకామె, తల మీద దుపట్టా సర్దుకుంట బయటికొచ్చింది.

"థర్డ్ రూమ్ ఉన్నడా?" అని అడిగిన.

"ఉన్నది," అన్నది ఆమె. "నేనే."

ఇంగ్లీషుల యేడాది మాట్లాడినా తెలువని సంగతి తెలుగుల ఒక్క మాటకు తెలిసిపోయింది. నా నోట్లె నుంచి "బ్రో" అని వచ్చింది, అది గూడ సగమే. ఆమె నవ్వు ఆపుకొని, "ఆపా అను చాలు, అక్క అన్నట్టే. లోపలికి రా తమ్మీ," అన్నది.

ఆపా మస్కట్‌ల పనిచేసే ఒకాయన భార్య. పొద్దున ప్రైవేటు బడిల టీచరు, మాపటికి ట్యూషను. ఇంట్ల ఆమె, బడికి పోయే కొడుకు, అత్తమ్మ. ఇంట్ల మూడో గదిల కంప్యూటర్ ఉంటది కాబట్టి ఆ పేరు. (ఆ పేరుల ఏదో లోతైన అర్థముందని సైటుల కొందరు పెద్ద పెద్ద వ్యాసాలు రాసిన్రు.) అత్తమ్మ ముందటింట్ల గోడకానుకొని, ఒడిల చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నన్ను పై నుంచి కిందికి చూసింది గని చేతులు ఆగలే. "బైఠో బేటా" అన్నది. ఆపా ఛాయ పెట్టుకొచ్చి మెల్లగ చెప్పింది. పార్సిల్ ఆమె బడికి పోయినప్పుడు వచ్చింది. కొడుకు పంపిండనుకొని అత్తమ్మ సంతకం పెట్టి తీసుకున్నది. పక్కింటి పిల్లతోని పేరు చదివిస్తే ఎవడో పరాయి దేశపు మగమనిషి పేరు వచ్చింది. మస్కట్ నుంచి కొడుకు ఫోన్ శుక్రారం నమాజ్ అయినంక వస్తది. అప్పుడు అడిగి తేల్చుకుంట అని పార్సిల్ను పెట్టెల పెట్టి తాళమేసుకున్నది. ఆపా ఇదంత నవ్వుకుంటనే చెప్పింది గని, తెచ్చిన ఛాయ నాకిచ్చుడు మరిచిపోయింది. నేను సీడీ కోసం వచ్చిన. అక్కడ నడుస్తున్నది సీడీ ముచ్చట కాదని అప్పుడు సమజైంది.

"ఈయన గూడ నీకు కంప్యూటర్‌లనే దొరికిండా?" అని అత్తమ్మ కోడలిని అడిగింది. గొంతుల కోపం లేదు, అదే ఎక్కువ భయం పెట్టింది. ఆపా ఏదో అనబోయింది. నేనే అందుకున్న. నాకు ఇసోంటియి చక్కగ చెప్పుడు రాదు. సిరిసిల్లల మా బాపు సాంచ నడుపుతడు అమ్మా, నేను జగిత్యాలల పనిచేస్త, మేమిద్దరం ఒకే రకం పాటలు వింటం, ఆ ఫిన్లాండాయన గూడ అవే వింటడు, ఆయన మా అందరి కన్న పెద్ద మనిషి అని చెప్పిన.

"పైసలియ్యంది పరాయి దేశపోడు ఎందుకు పంపుతడు బేటా?"

నాకు తెలిసింది ఒక్కటే. "ఆయన ఊర్లె ఆ పాటలు వినేటోళ్లు లేరమ్మా. ఎవరికన్న వినిపియ్యాల్నని ఆయనకుంటది."

అత్తమ్మ బీడీకి దారం చుట్టి చాటల పెట్టింది. ఇంకో ఆకు తీసుకోలే. "ఇంట్ల ఎవరుంటరు ఆయనకు?"

"ఒక్కడే ఉంటడట."

"వండుకునుడు గూడ ఆయనేనా?"

"ఆయనేనట. మంచు పడ్డప్పుడు దుకాణందాక గూడ పోరాదని రాసిండోసారి."

ఆమె గోడ మీద కొడుకు ఫోటో దిక్కు చూసిందని చెప్పను, చూడలే. కొంగు చివరన ఉన్న తాళంచెవిని వేళ్లతోని కాసేపు తిప్పింది. లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని లోపలికి పోయి, పార్సిల్ తెచ్చి నా చేతుల పెట్టింది. "ముందుగాల నేను వింట. అందుల చెడ్డ మాటలేమన్న ఉన్నయా చూడాలె," అన్నది.

"మాటలే లేవు అమ్మీ," అన్నది ఆపా.

"అయితే ఇంక మంచిది."

ముగ్గురం మూడో గదిలకు పోయినం. సీడీ కవరు విప్పినం. తెల్లటి అట్ట మీద బూడిద రంగు గీత ఒక్కటే. కంప్యూటర్ ఆన్ చేసెటాల్లకు కరెంటు పోయింది. ఎప్పుడు వస్తదో ఎవరికి తెలువది. మళ్ల ముందటింట్లకు వచ్చి కూసున్నం. నెట్‌ల అంత కొట్లాడుకున్నోళ్లం, ఎదురుంగ కూసుంటే వాతావరణం గురించి గూడ మాట రాలే. ఇంగ్లీషుల మాట్లాడుదామంటే సిగ్గు, తెలుగుల మాట్లాడుదామంటే మేము వాడే మాటలకు తెలుగు లేదు. ఆపానే మొదలు పెట్టింది. "డ్రోన్ అంటం కదా, ఆగకుండ సాగే చప్పుడు, దాన్నేమనాలె?" "హోరు," అన్న నేను. "లేయర్?" "పొర." "టెక్స్‌చర్?" నేను బట్టల కాడ పుట్టినోన్ని, "నేత" అన్న. మెల్లమెల్లగ పోయే ముగింపును ఏమంటరంటే అత్తమ్మ చాట మీది నుంచి తల ఎత్తకుండ "మసకేసుడు" అన్నది. కాసేపయినంక, "మీరిద్దరు బట్టల దుకాణం పెడుతున్రా?" అని గూడ అడిగింది.

ఆ పూటనే ఆపా తన సంగతి చెప్పింది. కొడుకు చిన్నగున్నప్పుడు నిద్రపోకుండ సతాయించేదట. వాన చప్పుడు వినిపిస్తే పిల్లలు పంటరని ఎవరో అంటే నెట్‌ల వాన కోసం వెతికిందట. "పిల్లగాడు పన్నడు. నేను మేలుకున్న," అన్నది. బయట రోడ్డు మీద ఊరేగింపు ఏదో పోతున్నది, పాట వినొస్తున్నది. ఆపా ఆ పాటకు వేళ్లతోని తాళమేసుకుంట, "ఇది నేను గూడ పాడిన తమ్మీ, టీచర్ల ర్యాలీల. గొంతు పోయేదాక పాడిన. గని ఇంటికొచ్చినంక మాటలు లేని జాగ ఒకటి గావాలె కదా మనిషికి," అన్నది. రెండు రకాల పాటలు వినుడు ఏదో ద్రోహమన్నట్టు ఎన్నో నెలల సంది నా లోపల ఒక ముల్లు ఉండె. ఆ మాటతోని అది కదిలింది.

కరెంటు వచ్చింది. సీడీ ఏసినం. మొదలు ఏం వినరాలే. తర్వాత ఎక్కడో దూరంగ గాలి, దాని కింద ఇంకో గాలి. అత్తమ్మ గుమ్మంల కూసొని విన్నది. "ఎప్పుడు మొదలైతది?" "మొదలైంది అమ్మీ." "ఓహో," అన్నది. అప్పుడే మస్కట్ ఫోన్ వచ్చింది. ఆపా లేవబోయింది. అత్తమ్మ ఫోన్ తీసుకొని సలాం చెప్పి, కొడుకు యోగక్షేమం గూడ అడగక ముందే, "బేటా, ఇది విను" అని ఫోన్ను తీసుకపోయి స్పీకర్‌కు ఆనిచ్చి పెట్టింది. అటు నుంచి గొంతు నాకు గూడ వినొచ్చింది: "అమ్మీ, లైన్ ఖరాబున్నది, ఉత్త హోరే వస్తున్నది, మళ్ల చేస్త." కట్ అయింది. ఆపా నన్ను చూసింది. నేను ఆమెను చూసిన. మొదలు నవ్వింది మాత్రం అత్తమ్మ. దగ్గొచ్చేదాక నవ్వింది. మళ్ల ఫోన్ వస్తే ఆమెనే చెప్పింది: "లైన్ మంచిగనే ఉన్నది. నీ పెండ్లాం వినే పాట గదే. మంచు దేశంల ఒక ముసలాయన పంపిండు, పాపం ఒక్కడే ఉంటడట. నువ్వు ఏం తిన్నవు గీయాల?" పార్సిల్ పంచాయితీ అక్కడనే తెగింది.

సీడీని కాపీ చేసి నా పెన్ డ్రైవ్‌ల పెట్టుకున్న. అసలు సీడీ నా చేతికి రాలే. "ఇది ఇంట్లనే ఉంటది. వినాల్ననిపిస్తే రా, తిని పో," అని అత్తమ్మ మళ్ల పెట్టెల పెట్టుకున్నది. తర్వాత చాన సార్లు పోయిన. పోయినప్పుడల్ల ఆమె సీడీ బయటికి తీసేది, నేను తినేదాక పెట్టనియ్యకపోయేది.

ఆ శుక్రారం వెనుక వచ్చిన ఆదివారం ఆపా ఇంట్ల కూసొనే మేమిద్దరం కలిసి సైటుల రాసినం. మేం గోవావాళ్లం కాము, ఎన్నడు సముద్రం చూడలే, మాది తెలంగాణ అని. కోప్పడుతరనుకున్నం. ఫిన్లాండ్ పెద్దాయన ముందు రాసిండు: నాకు ఎప్పటి నుంచో అనుమానమే, మీ సముద్రం గాలికి ఒక్కసారన్న ఉప్పు వాసన రాలే. వానకాలం సముద్రం గురించి అడిగినాయన మాత్రం, తను ఎండాకాలమంత ఉన్ననన్న చోటు మానేరని తెలిసి, కొన్నాళ్లు మాకు జవాబియ్యలే. ఇంకొకరెవరో అడిగిన్రు: "తెలంగాణ ఎక్కడుంది? మ్యాపంత వెతికిన, ఇండియాల ఆ పేరుతోని రాష్ట్రం లేదే?" నేను పెద్ద జవాబు రాద్దామని, ఉద్యమం సంగతంత ఇంగ్లీషుల ఎట్ల మొదలు పెట్టాల్నా అని ఆలోచిస్తున్న. ఆపా కీబోర్డు తన దిక్కు గుంజుకొని ఒక్క ముక్క రాసింది: "ఇంక రాలే. వస్తది."

వచ్చింది. ఆ రోజు జగిత్యాలల పటాకులు, గులాల్, డప్పులు. మా లెక్కల సారు గూడ నవ్విండు. సేటన్న దుకాణంల అందరికి స్వీట్లు పంచిండు. నాకు ఒక్కటే తొందర, మొఖం మీది గులాల్ గూడ కడుక్కోకుండ కంప్యూటర్ ముందట కూసున్న, ఇప్పుడు మ్యాపుల చూసుకోండ్రి అని ఒక్క ముక్క రాద్దామని. సైటు తెరుసుకోలే. అప్పటికి కొన్ని నెలల సంది నేను అటు దిక్కు పోనే లేదు, ఉద్యమం చివరి రోజులు, పరీక్షలు, తిరుగుడు. ఈ నడుమల ఎప్పుడో మూతపడ్డట్టున్నది. ఫిన్లాండ్ పెద్దాయన అసలు పేరు పార్సిల్ మీద ఉండె, ఆ అట్ట ఎటు పోయిందో ఎవరికి గుర్తు లేదు. ఆపా అప్పటికే కొడుకును తీసుకొని మస్కట్ పోయింది. మాపటికి ఫోన్ చేసింది. "చెప్పినవా తమ్మీ వాళ్లకు?" అని అడిగింది. "సైటు లేదు ఆపా," అన్న. "మరి ఇప్పుడు ఎవరికి చెప్తం?" అన్నది.

ఇప్పుడు నాకు సర్కారు కొలువున్నది, కొంచెం పొట్ట గూడ ఉన్నది. ఆ పాటలన్ని ఇప్పుడు ఫోన్ల ఊకెనే దొరుకుతున్నయి, వాటి కోసం ఎవ్వరు ఎవరింటికి పోవాల్సిన పని లేదు. అయినా పని లేని పూట ఎప్పుడన్న, వేళ్లకు అలవాటై, ఆ సైటు పేరు కొట్టి చూస్త. తెర తెల్లగ ఉంటది. దాని ముందట కూసొని ఏదో వస్తదన్నట్టు చూసుకుంటుంట. మొన్న మా పాప ఎనుక నుంచి వచ్చి చూసింది.

"నెట్ లేదా డాడీ?"

"ఉన్నది బిడ్డా," అన్న.